మామయ్య మాట

"వదినా, బాపు ఏందో అంటుండు, జర వచ్చి చూడు!"

ఆడపడుచు భాగ్యశ్రీ ముందుగదిలోంచి పిలిచేసరికి సుశీల ఒక చేత్తో పూరీ వత్తుతూ, ఇంకో చేత్తో మూకుట్లోది తిప్పుతోంది. రాఖీ పున్నమి. అన్నకు రాఖీ కట్టడానికి భాగ్యశ్రీ పొద్దున్నే వచ్చింది. వచ్చినప్పటినుంచి ఇది మూడో పిలుపు. "వస్తున్న" అని కొంగుకు చేతులు తుడుచుకుంటూ సుశీల వెళ్లింది. గదిలో టీవీ మోగుతోంది. పైన ఫ్యాన్ గరగరమంటోంది. భర్త నగేష్ ఫోన్లో ఎవరితోనో చీరలకు కుట్టే గోటా అంచుల రేటు గురించి గట్టిగా మాట్లాడుతున్నాడు. మూడు దిండ్లకు ఆనించి కూర్చోబెట్టిన మామగారు బాలకిషన్, వంకరపోయిన నోటితో ఒకే మాటను నాలుగోసారో అయిదోసారో అంటున్నారు. పాపం, ముఖం ఎర్రబడింది. సుశీల టీవీ ఆపింది. మంచానికి ఎడమవైపు వచ్చి, తన ముఖం ఆయన ముఖానికి సరిగ్గా ఎదురు వచ్చేదాకా వంగి, ఏమీ అనకుండా ఆగింది. ఆయన మళ్లీ అన్నారు.

"కాళ్ల మీది దుప్పటి తియ్యమంటున్నరు. ఉక్కపోస్తున్నదట."

ఆ దుప్పటి కొస మీదే భాగ్యశ్రీ కూర్చుని ఉంది. లేచి దుప్పటి లాగి పక్కన పడేసి, "అబ్బ, నీకెట్ల సమజైతది వదినా? మాకు ఒక్క ముక్క సమజ్ గాదు. నీకు దేవుడిచ్చిండు" అంది. మెచ్చుకోలు మనసులోంచే వచ్చింది, అందులో కల్మషం లేదు. అదే చిక్కు. తిడితే ఎదురు చెప్పొచ్చు, మెచ్చుకుంటే ఏం చెప్తాం. సుశీల నడుం ఎత్తి నిలబడబోయేసరికి కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. మంచం కోడు పట్టుకుని, చీకటి పోయేదాకా అలాగే నిలబడింది. ఎవరూ చూడలేదు. వంటింట్లోకి తిరిగి వెళ్లేసరికి మూకుట్లో పూరీ నల్లబడింది.

అయిదు నెలలుగా ఆమెకు నెలలో సగం రోజులకు పైగా రక్తం పోతోంది. గర్భసంచిలో గడ్డలున్నాయనీ, తీసెయ్యాలనీ, ఒంట్లో రక్తం సగానికి పడిపోయిందనీ, ఇంకా ఆలస్యం చేస్తే తన పూచీ లేదనీ డాక్టరమ్మ మూడుసార్లు చెప్పింది. మూడుసార్లు తేదీ ఇచ్చింది. రెండు తేదీలు అలాగే దాటిపోయాయి. మూడోది ఎల్లుండి, సోమవారం. ఇంట్లో ఇంకా ఎవరూ సరేననలేదు. కారణం ఒక్కటే, అందరూ ఒక్కటే మాట మీద ఉన్నారు: సుశీల వెళ్తే బాపు మాట ఎవరికి అర్థమవుతుంది?

దేవుడి సంగతి మనకు తెలియదుగానీ, ఈ విద్య ఆమెకు నేర్పింది మాత్రం గౌలిపురలోని ఆ ఇల్లే. ఇరవై రెండేళ్ల కింద కొత్తకోడలిగా వచ్చిన మూడోనాడే అత్తగారు చెప్పేసింది. "మామ ముంగట నిలబడొద్దు బిడ్డా. ఏదన్న ఉంటే తలుపెన్కకెంచి చెయ్యి. అడిగింది తెచ్చి పెట్టు, మల్ల అడగొద్దు." ముందుగదికీ వంటింటికీ మధ్య ఒక తలుపు, దానికో పూలపూల పరదా. ఆ పరదా వెనకే సుశీల బతుకులో సగం గడిచిపోయింది. బాలకిషన్‌కు లాడ్ బజార్‌లో గోటా, లేసులు, చమ్కీల హోల్‌సేల్ దుకాణం. దుకాణంలో ఆయన ఉర్దూ వింటే బేరానికొచ్చిన ఆడవాళ్లు బేరం మరిచిపోయేవాళ్లట. ఆ మాటలన్నీ అక్కడే అమ్ముడుపోయేవేమో, ఇంటికొచ్చేసరికి నోట్లో ఏమీ మిగిలేది కాదు. కోడలితో సూటిగా మాట్లాడటం మర్యాద కాదు కాబట్టి, "చాయ్ తెమ్మను" అనేవారు. "తువాల ఇమ్మను" అనేవారు. అత్తగారు ఉన్నన్నాళ్లు ఆ మాట అత్తగారికి చెప్తున్నారనుకోవచ్చు. ఆవిడ పోయి పదేళ్లయింది. నగేష్ దుకాణంలో, కూతురు ఆశ్రిత బడిలో, ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే. అప్పుడూ "చాయ్ తెమ్మను" అనే అన్నారు, ఎదుటి గోడతో. గోడకు చేతులు లేవు కాబట్టి సుశీలే తెచ్చింది.

ఆ మాటలైనా నిండుగా ఉండేవా అంటే అదీ లేదు. సగం మాట వీధి వైపు తిరిగి అనేవారు, సగం వక్కపొడి నములుతూ అనేవారు. ఇటు వంటింట్లో మిక్సీ తిరుగుతుండేది, అటు సందులో బర్రెలు అరుస్తుండేవి. ఏమన్నారని అడిగే వీల్లేదు. అడగాలంటే మాట్లాడాలి, మాట్లాడకూడదు. వేణ్నీళ్లు అడిగినప్పుడు మజ్జిగ తెచ్చి పెడితే ఆయన తిట్టేవారు కాదు. ఆ గ్లాసును వేలితో జానెడు దూరం జరిపేవారు, అంతే. ఆ జానెడు చాలు, మళ్లీ రాత్రిదాకా కోడలి గొంతులో ముద్ద దిగకపోవడానికి. అందుకని ఆమె ఒక్కసారికే పట్టుకోవడం నేర్చుకుంది. గొంతు చివర్లో తగ్గితే ఉప్పు, మొదట్లో దగ్గితే తువాల, ముక్కుతో అంటే వేణ్నీళ్లు. బడిపిల్లలు ఎక్కాలు నేర్చినట్టు ఆ గొంతును ఇరవై రెండేళ్లు నేర్చింది. ఆ చదువుకు సర్టిఫికెట్ ఉండదు.

డిసెంబర్‌లో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, నాలుక మొద్దుబారింది. దవాఖానలో మంచం చుట్టూ అందరూ చేరి, ఆయనేదో అడుగుతుంటే నీళ్లు పట్టారు, దిండు మార్చారు, బెడ్‌పాన్ పెట్టారు. ఆయన ఏడ్చారు. ఆ మనిషి ఏడవడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. అలవాటు ప్రకారం వార్డు తలుపు బయట నిలబడ్డ సుశీల అక్కణ్నుంచే, "కండ్లద్దాలు అడుగుతున్నరు" అంది. అద్దాలు పెట్టగానే ఆయన శాంతించారు. అందరూ తలతిప్పి ఆమెను చూశారు. అదిగో, ఆ రోజు నగేష్ స్వయంగా ఆమె చెయ్యి పట్టి లోపలికి తీసుకొచ్చి, వాళ్ల నాన్నకు ఎదురుగా స్టూలేసి కూర్చోబెట్టాడు. ఇరవై రెండేళ్ల ఆచారం, అవసరం వచ్చేసరికి నిమిషం కూడా నిలబడలేదు. పోయిందని కూడా ఎవరూ అనుకోలేదు. సుశీల ఒక్కతే అనుకుంది. అనుకుని, స్టూలు ముందుకు జరుపుకుంది.

అప్పటినుంచి ఉన్న పనులకు తోడు ఇదో పని. ఒళ్లు తుడవడం, డైపర్ మార్చడం, జావ చిక్కగా కాచి చెంచాతో పట్టడం, కాలూచేయీ ఆడించడం, ఇవన్నీ ఎలాగూ కోడలివే. వాటి మధ్య ఎవరు పలకరించడానికి వచ్చినా పొయ్యి ఆపి వచ్చి ఆయన మాటను వాళ్లకు చెప్పాలి. చెప్పడంలో ఏముంది అనుకోవచ్చు. ఒకరోజు నగేష్, భాగ్యశ్రీ, ఆమె భర్త, దుకాణం పక్కన అత్తరు కొట్టు పెద్దాయనా కూర్చుని ఉండగా మామగారు జావ చెంచాను పెదవితో తోసి చాలాసేపు ఏదో అన్నారు. సుశీల, "ఉప్పు తక్కువైందట" అంది. "గంతసేపు అన్నడు గదా, గంతేనా? మొత్తం చెప్పు వదినా" అంది భాగ్యశ్రీ. సుశీల మొత్తం చెప్పింది. "ఇరవై రెండేండ్లయినా ఈమెకు చెయ్యి కుదరలేదు, ఈమె అత్త చేతిలో వెయ్యో వంతు లేదంటున్నరు." అందరూ నవ్వారు. "బాపు అసలు మారలే!" అని నగేష్ పొంగిపోయాడు. సుశీల కూడా నవ్వింది. తనను అన్న మాటను తన నోటితో మోసుకొచ్చి, నలుగురిలో తనకే అప్పజెప్పుకోవడం. తిట్టినవాడి నోరు పడిపోతే తిట్టించుకున్నదే నోరు అరువియ్యాలి. ఇట్లాంటి కొలువు ఇంకెక్కడైనా ఉంటుందా అని ఆ రాత్రి గిన్నెలు తోముతూ చాలాసేపు ఆలోచించింది. మార్చి చెప్పొచ్చు, కొంచెం దాచొచ్చు. కానీ ఆమెకది మనసొప్పలేదు. నోరులేని మనిషి మాటను కల్తీ చేయడం పాపమనిపించింది. ఈ ఎనిమిది నెలల్లో ఆయన మాట ఒక్కటీ మార్చలేదు, తనను అన్నవి కూడా.

నెలకు రెండుసార్లు మాన్య అనే అమ్మాయి వస్తుంది, మాట తిరిగి నేర్పించడానికి. చిన్నపిల్ల, స్కూటీ మీద వస్తుంది. తాతగారి నాలుకకు కసరత్తు చేయించాక ఇంట్లోవాళ్లకు చెప్పాల్సినవి ఉన్నాయి, అందరినీ పిలవండి ఆంటీ అంటుంది. నగేష్‌కు సరిగ్గా అప్పుడే ఫోనొస్తుంది. ఇంటివాళ్లందరికీ చెప్పాల్సినవి సుశీల ఒక్కతే వింటుంది. టీవీ, మిక్సీ ఆపాలి. వేరే గదిలోంచి కాదు, దగ్గరకొచ్చి మాట్లాడాలి. ముఖం కనిపించాలి, చెవులు సగమే వింటాయి, మిగతా సగం కళ్లే వింటాయి. ఏ విషయమో ముందే తెలిస్తే మాట సులువుగా అందుతుంది, అందుకని తిండి గురించా, నొప్పి గురించా అని మొదట అడగాలి. ఆయన వెతుక్కుంటుంటే మధ్యలో అందించొద్దు, ఆగాలి.

"గివన్నీ నేను చేస్తనే ఉన్న గదమ్మా" అంది సుశీల.

"మీరు చేస్తున్నరు కాబట్టే మీకు అర్థమవుతున్నది ఆంటీ. ఇందులో మాయేం లేదు. గొంతు ఎంత పాడైనా సరే, రోజూ కాసేపు ఎదురుగ కూసొని వింటే పది పదిహేను రోజుల్లో ఎవరి చెవికైనా అలవాటు పడుతది. అంకుల్ కూడా నేర్చుకోవచ్చు. మీ ఒక్కరి మీదనే ఎందుకు?"

మీ ఒక్కరి మీదనే ఎందుకు. ఆ పిల్ల బూట్లు వేసుకుని వెళ్లిపోయాక కూడా ఆ మాట ఇంట్లోనే తిరిగింది. సుశీలకు ఒక ఆలోచన వచ్చింది. మామయ్యతో మాట్లాడటానికి ఇన్ని పద్ధతులున్నప్పుడు, వాటిని మామయ్య కొడుకు మీద ఎందుకు వాడకూడదు? తన ఆపరేషన్ మాట అతనికి ఇప్పటిదాకా అందలేదేమో. తాను కూడా ఎప్పుడూ వంటింట్లోంచో, అతను చెప్పులేసుకుంటుంటేనో చెప్పింది కదా. తప్పు తన వైపే ఉందేమో. ఆడవాళ్లకు ఈ అనుమానం ఎంత త్వరగా వస్తుందో చూడండి.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీ ఆపింది. ఫ్యాన్ తగ్గించింది. అతని ఫోన్ తీసి పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "నా పాణం గురించి ఒక మాట చెప్పాలె" అని విషయం ముందే చెప్పింది. తర్వాత మూడు చిన్న వాక్యాలు. "నాకు ఆపరేషన్ గావాలె. జల్ది చేయించుకోమన్నది డాక్టరమ్మ. నెలన్నర ఆరాం గావాలె." ఆగింది. అతన్ని మాట వెతుక్కోనిచ్చింది. నగేష్ ఆమె ముఖంలోకే చూస్తూ అంతా విన్నాడు. "ఊఁ" అన్నాడు. "బోనాలు పోనీ, చూద్దం." బోనాలు పోయాయి. మళ్లీ కూర్చుంది, మళ్లీ ఎదురుగా. "రాఖీకి చెల్లె వస్తది, ఇంట్ల మనిషి లేకుంటెట్ల? గిప్పుడేం తొందర? దసరా పోనీ. నువ్వు పోతే బాపు మాట ఎవలకు సమజైతది, జర నువ్వన్న ఆలోచించు" అన్నాడు. జర నువ్వన్న!

చెవులు సరిగ్గా లేవా అంటే, అతని చెవులను మించినవి లాడ్ బజార్‌లో లేవు. గాజుల కొట్ల కేకలు, స్కూటర్ల హారన్లు, పక్క దుకాణం రేడియో, ఇంత సందడిలో కౌంటర్‌కు అవతల ఒక పెళ్లికూతురి తల్లి తన చెల్లెలి చెవిలో ఉర్దూలో గుసగుసగా ఎంతదాకా ఇవ్వొచ్చో చెప్తే ఇవతల నుంచి పట్టేస్తాడు. ఆ చెవులే వేసుకుని ఇంటికొస్తాడు. సుశీలకు ఆ రోజు తెలిసింది, మాన్య చెప్పిన వాటిలో ఒకటి తక్కువైందని. చప్పుడు తగ్గించొచ్చు, దగ్గరికి రావచ్చు, ముఖం చూపించొచ్చు, విడమరిచి చెప్పొచ్చు. వినేవాడికి ఆ మాటతో అవసరం లేకపోతే మాత్రం ఎంత చక్కటి మాటైనా గాలిలో కలిసిపోవాల్సిందే. మామయ్య గొణిగితే తనకు అర్థమవుతుంది, ఎందుకంటే అర్థం కాకపోతే తనకు గడవదు. తాను గొంతు విప్పి చెప్పినా వాళ్లకు అర్థం కాదు, ఎందుకంటే కాకపోయినా వాళ్లకు హాయిగా గడుస్తుంది. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతి తెలియడానికి ఇరవై రెండేళ్లు పట్టినందుకు ఆమెకు కోపం రాలేదు. ఒళ్లంతా నీరసం వచ్చింది. గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

మొన్నామధ్య ఇంకోటి జరిగింది. తాత ఏదో అంటుంటే ఆశ్రిత చదువుకుంటున్న పుస్తకంలోంచి తలెత్తకుండానే, "మమ్మీ, తాత కిటికీ తెరువుమంటుండు" అంది. డిగ్రీ రెండో ఏడు పిల్ల, పదిరోజులుగా ఆ గదిలోనే చదువుకుంటోంది. చెవికి అలవాటైంది. సుశీల కిటికీ తెరిచి, పిల్లను వంటింట్లోకి పిలిచి, నెమ్మదిగా చెప్పింది. "నీకు సమజైతున్నదని ఎవ్వలకు చెప్పకు బిడ్డా." "ఎందుకు మమ్మీ?" "చెప్పినవంటే రేపటిసంది నీ కాలేజి బంద్." ఆశ్రిత తల్లి వైపు చాలాసేపు చూసి, వెళ్లి పుస్తకం ముందు కూర్చుంది.

రాఖీ కట్టడం అయింది, పూరీలూ సేమ్యా పాయసం అయ్యాయి. అందరూ ముందుగదిలో చేరారు. రెండున్నరకు సుశీల ఫోన్ మోగింది. దవాఖాన నుంచి. సోమవారం పొద్దున ఎనిమిదింటికి రావాలి, మంచం ఉంచమంటారా, వేరేవాళ్లకు ఇచ్చేయాలా అని అడిగారు.

"ఉంచుండ్రి, వస్త" అని పెట్టేసింది.

నగేష్ తలెత్తాడు. "నన్నడగకుంటనే?"

"మూడుసార్లు అడిగిన గదా."

"నేనద్దన్ననా? దసరా పోనీ అన్న. గింత లొల్లెందుకు?"

"వదినా, నేనన్న ఉందునేమో గని మా అత్తకు మోకాళ్లు" అంది భాగ్యశ్రీ. "ఉన్నా ఏం ఫాయిదా, నాకు బాపు మాట సమజే గాదు. ఆకలంటుండో, నొప్పంటుండో. నీ అసొంటి మనిషి ఉండాలె."

"లొల్లి ఎందుకు, బాపునే అడుగుదం" అన్నాడు నగేష్. ఆ ఇంట్లో పెద్ద మాటలన్నీ అలాగే తేలుతాయి. ఏది కావాలన్నా చివరికి బాపును అడుగుతారు, బాపు ఏమంటే అది. అడిగేముందే ఆయన ఏమంటారో అందరికీ తెలుసు. సోఫాలోంచి లేవకుండానే గొంతు పెంచాడు. "బాపూ! సుశీల ఆపరేషన్‌కు పోతనంటున్నది. నెలన్నర ఉండదు. గిప్పుడు పోవాల్నా, దసరా అయినంకనా?"

బాలకిషన్ కొడుకును చూడలేదు. కోడలినే చూశారు. సుశీల లేచి టీవీ ఆపింది, ఎడమవైపు వచ్చి వంగింది. ఆయన నోరు కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. ఎనిమిది నెలల్లో అంత పొడుగు మాట ఆయన అనలేదు. ఒక్కొక్క ముక్కను నాలుకతో తోసి తోసి, ఎడమ కంట్లో నీళ్లు తిరుగుతుండగా, పూర్తి చేశారు.

సుశీలకు ప్రతి అక్షరం అందింది. "ఇప్పుడద్దు. దసరా అయినంక పొమ్మను. ఈమె లేకుంటె నేను మూగోన్ని."

ఆమె ఎదురుగా ఉంది. ఆయన ముఖానికి జానెడు దూరంలో ఉంది. అయినా "పొమ్మను" అనే అన్నారు. దానికి ఆమెకు కోపం రాలేదు, ఆయనకు వేరే భాష రాదు. ఆ భయం మాత్రం నిజం. ఎవరికీ అర్థం కాని మనిషిగా ఒక ఇంట్లో పడి ఉండటం ఎంత భయంగా ఉంటుందో ఆమెకు తెలిసినంతగా ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు. జాలేసింది. నిజంగానే జాలేసింది. ఆయన కంటి నీళ్లు కొంగుతో తుడిచింది. ఆయన మాట అలవాటుగా ఆమె నాలుక చివరికి వచ్చి నిలబడింది. నోరు తెరిస్తే చాలు, బయటికొచ్చేస్తుంది, వచ్చాక దసరా. దసరా అయ్యాక ఇంకోటి. ఈలోగా తాను ఉంటుందో లేదో.

"ఏమంటుండు?" అన్నాడు నగేష్.

"మొత్తం చెప్పు వదినా" అంది భాగ్యశ్రీ.

సుశీల నడుం ఎత్తి నిలబడింది. ఈసారి మంచం కోడు పట్టుకోలేదు.

"నాకు సమజ్ గాలే" అంది.

"ఏందీ?"

"మామయ్య ఏమన్నరో నాకు సమజ్ గాలేదు."

"నీకు గూడనా?" అని నగేష్ సోఫాలోంచి లేచాడు. భార్య వైపు చూసి, తండ్రి వైపు చూసి, చివరికి కూతురి వైపు తిరిగాడు. "నీకేమన్న సమజైందా?"

ఆశ్రిత కళ్లు ఒక్క క్షణం తల్లి మీద ఆగాయి. "లేదు డాడీ."

"మరెట్ల వదినా?" అంది భాగ్యశ్రీ. ఆమె గొంతులో నిజంగా భయం ఉంది.

"నాకు సమజైతదనే గద నన్ను పోవద్దన్నరు. ఇగ నాకు గూడ సమజ్ గాకపాయె. నేనుండి ఏం ఫాయిదా?" సుశీల ఆయన వీపు వెనక దిండు సర్దింది. "సోమవారం పోయి చేరుత. మీరు నేర్చుకోండ్రి. టీవీ బంద్ చేసి, ఎడమదిక్కు కూసొని, ముఖం చూసుకుంట ఒక్కొక్క మాట అడుగుండ్రి. తొందర పెట్టకుండ్రి. ఇద్దరు కలిసి కూసుంటె పది దినాల్ల వస్తది. ఆశ్రితను మాత్రం పుస్తకం ముంగటినుంచి లేపద్దు, దానికి పరీక్షలున్నయి."

నగేష్ చేతిలో ఫోన్ మోగింది. దాన్ని ఎత్తాలో వద్దో తెలియక అలాగే పట్టుకు నిలబడ్డాడు. కాసేపటికి అదే ఆగిపోయింది. అతను స్టూలు కోసం చుట్టూ చూశాడు. అది ఎప్పుడూ ఎక్కడుంటుందో అతనికి తెలియదు. సుశీల చెప్పలేదు.

మంచం మీది మనిషి ఆమెనే చూస్తున్నారు. ఈ ఎనిమిది నెలల్లో ఆమె తన మాట ఒక్కటి కూడా వదిలిపెట్టలేదని ఆయనకు తెలుసు. ఎడమ చెయ్యి కొంచెం లేచింది, పరుపు మీదే దిగింది. ఆమె ఇప్పుడేమందో ఆ గదిలోని పెద్దవాళ్లలో అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది ఆయనొక్కరికే.